పైగదిలో మూడు కాగితాలు

ఇరవై రెండో సీసాకి పేరు చీటీ అంటించి, వేలితో ఒకసారి నొక్కి, నీలవేణి దాన్ని వెనక గది కిటికీలోంచి రక్తం పరీక్షచేసే కుర్రాడు లలిత్ చేతికి అందించింది. అప్పటికి ఏడున్నర దాటింది. పరగడుపున రక్తం ఇచ్చినవాళ్ళు మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు. ఇంకా ఇవ్వాల్సినవాళ్ళు వాళ్ళకేసి చూడకుండా రోడ్డుకేసి చూస్తున్నారు. మలంచా రోడ్డు మీద అప్పుడే బస్సుల హారన్లు మొదలయ్యాయి. పక్క మిఠాయి దుకాణంలో కచోరీలు వేగుతున్న వాసన లోపలికి వస్తోంది. ఆకలితో ఉన్నవాళ్ళకి ఆ వాసన మీద కోపం రావడం నీలవేణి రోజూ చూస్తూనే ఉంటుంది.

ఆమెకి నలభై తొమ్మిదేళ్ళు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. నూలుచీర కొంగుని భుజం దగ్గర పిన్నుతో బిగించి, జడ మడిచి కట్టుకుంటుంది. కుడిచేతి నడిమి వేలు పక్కన కంది గింజంత కాయ ఒకటి ఉంది. కలం పట్టుకుని పట్టుకుని కాసిన కాయ అది. ఈ పన్నెండేళ్ళుగా చేత్తో రాసే పని పెద్దగా లేకపోయినా అది కరగలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఈ రక్తపరీక్షల లాబులో ఆమెకి ఉద్యోగం ఇచ్చింది ఆ చేతిరాత చూసే. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. టెక్కలి దగ్గర పల్లెనుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి ఇక్కడే రిటైరై, క్వార్టరు ఖాళీ చేసిన రెండేళ్ళకే పోయాడు. తల్లి ఆ తరవాత తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. పెళ్ళిమాట రెండు మూడుసార్లు వచ్చింది గాని, ఆ తొమ్మిదేళ్ళలో ఎవరూ ఎత్తకుండానే పోయింది. తమ్ముడు గిరిబాబుకి చక్రధర్‌పూర్‌లో ఉద్యోగం దొరికింది. నీలవేణి పొద్దున్న ఆరున్నరకి లాబు తలుపు తీయడం, ఒంటిగంటకి మూయడం, మళ్ళీ నాలుగింటికి తీసి ఎనిమిదింటికి మూయడం, ఇదే ఆమె జీవితమైంది. దాన్ని గురించి బాధపడేంత తీరిక కూడా ఆమెకి దొరకలేదు.

చేరిన మొదటిరోజున యజమాని ఆమెకి ఒక్కటే చెప్పాడు. అంకెలు చూసి రాయమన్నాడు, కవర్లో పెట్టి ఇవ్వమన్నాడు, చదవొద్దన్నాడు. చదివితే నీ మొహంలో కనిపిస్తుంది, నీ మొహం చూసి వాళ్ళు జడుసుకుంటారు అని. ఆ మాట ఆమె తుచ తప్పకుండా పాటించింది. చదవకుండా రాయడం కష్టమే గాని, అలవాటైతే వచ్చేస్తుంది. అంకె అంకెగానే ఉంటుంది, మనిషిదాకా వెళ్ళదు. ఎన్ని వేల రిపోర్టులు ఆ చేతిమీదుగా వెళ్ళాయో! ఎవరికి ఏ జబ్బో ఒక్కటీ తెలియకుండానే వెళ్ళాయి.

పూరీ గేట్‌నుంచీ నింపురానుంచీ తెలుగు పెన్షనర్లు దగ్గర్లో ఉన్న లాబులు వదిలి ఇక్కడిదాకా వచ్చేది ఆమె కోసమే. పరగడుపు అంటే టీ కూడా తాగకూడదని తెలుగులో చెబుతుంది. ఏ డాక్టరు ఏ పూట ఉంటాడో చెబుతుంది. ఫారాలు నింపి పెడుతుంది.

వాళ్ళలో ఎర్రయ్య ఒకడు. డెబ్భై ఒక్క ఏళ్ళవాడు. ఆమె తండ్రితో అదే వర్క్‌షాపులో ఖలాసీగా పని చేశాడు. పెద్ద చెవులు, మందపాటి నల్లఫ్రేము కళ్ళద్దాలు, వర్క్‌షాపులో సగం తెగిపోయిన ఎడమచేతి చూపుడువేలు. షుగరూ బీపీ ఉన్నాయి. నెలకోసారి రక్తం ఇవ్వడానికి వస్తాడు. రక్తం ఇచ్చి వెళ్ళడు. రిపోర్టు వచ్చేదాకా కూర్చుంటాడు, వచ్చాక ఇంకాసేపు కూర్చుంటాడు.

ఆ పొద్దున్న వచ్చినప్పుడు గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, తలుపు పట్టుకుని ఎక్కాడు. పాదాలు వాచి చెప్పుల పట్టీలు బిగుసుకుపోయి ఉన్నాయి.

"కాళ్ళు బరువుగా ఉంటన్నాయమ్మా, నీలమ్మా," అన్నాడు.

డాక్టరుకి చెప్పమంది నీలవేణి, తలెత్తకుండానే. అప్పుడామె పదిహేడో సీసాకి చీటీ అంటిస్తోంది.

కౌంటరు మీద కొత్త ప్రింటరు వచ్చి మూడు వారాలైంది. పాతది తీగతో నేరుగా కంప్యూటరుకి అంటుకుని ఉండేది. నొక్కితే వచ్చేది, రాకపోతే ఒక దెబ్బ వేస్తే వచ్చేది. ఇది అలాంటిది కాదు. గోల్ బజార్‌నుంచి శ్రీనివాస్ అనే అతను వచ్చి దీని తీగని గోడకున్న రౌటరు డబ్బాలో గుచ్చాడు. మేడమీద, సాయంత్రాలు వచ్చే డాక్టరుగారి గదిలోనూ ఇలాంటిదే ఇంకొకటి ఉంది, దాని తీగా ఆ డబ్బాలోకే వచ్చింది. కంప్యూటర్లో ఏవో తెరిచి, అన్నిటికీ ఆటోమేటిక్ అన్నచోట చుక్క పెట్టాడు. ఒక నిమిషం ఊరుకున్నాడు. ప్రింటరు తెరమీద నాలుగు ముక్కల అంకె ఒకటి వచ్చి నిలబడింది.

ఆ అంకె ఎవరిచ్చారని నీలవేణి అడిగింది. రౌటరే ఇస్తుందన్నాడు. డబ్బా మేలుకోగానే ఎవరు ముందు అడిగితే వాళ్ళకి ముందు అంకె, తరవాత అడిగినవాళ్ళకి తరవాతది. కంప్యూటరు ఆ అంకె గుర్తుపెట్టుకుని దానికి కాగితం పంపిస్తుంది. మరి కరెంటు పోయి వస్తే? అలా అడుగుతుందని అతను అనుకోలేదు. కొంచెం తల గోక్కుని, అప్పుడు అంకెలు మారొచ్చు అని ఒప్పుకున్నాడు. చేత్తో అంకె రాసి ఖాయం చేయొచ్చుట. దానికి తీరిగ్గా రావాలిట. వచ్చేవారం వస్తానన్నాడు. అందాకా కరెంటు పోయినప్పుడల్లా ఏం చేయాలో చెప్పి వెళ్ళాడు. నీలవేణి అట్టముక్క మీద తన గుండ్రటి అక్షరాలతో రాసి గోడకి అంటించుకుంది. ప్రింటరు మీద బొత్తాం నొక్కాలి. చీటీ వస్తుంది. చీటీమీది అంకె కంప్యూటర్లో కొట్టాలి. ఒక కాగితం తీసి చూసుకోవాలి.

శ్రీనివాస్ మళ్ళీ రాలేదు. ఈ మూడు వారాల్లో కరెంటు నాలుగుసార్లు పోయింది. నాలుగుసార్లూ ఆమె ఆ పని చేసింది. రెండు నిమిషాల పని.

చైత్రమాసం. వైశాఖంలో రావాల్సిన గాలివాన పదిహేను రోజులు ముందే వచ్చింది. పదకొండున్నరకి ఆకాశం నల్లబడి, రోడ్డుమీది దుమ్మంతా లేచి తలుపులోంచి బెంచీల మీదికి కొట్టింది. జనం లోపలికి జరిగారు. కరెంటు పోయింది. వెనక గదిలో రక్తం చూసే మిషన్లకీ ఫ్రిజ్‌కీ ఇన్వర్టరు ఉంది గాని కౌంటరుకి లేదు. నలభై నిమిషాలు ఆ చీకట్లో అందరూ వానచప్పుడు విన్నారు.

పన్నెండు ఇరవైకి కరెంటు వచ్చింది. ఫాన్లు కదిలాయి. పన్నెండూ నలభై కావస్తుండగా లలిత్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వెనక గదిలోంచి వచ్చాడు. హిజ్లీలో ప్రొఫెసర్ల క్వార్టర్లకి వెళ్ళి రక్తం తేవాల్సినవి మూడు ఉన్నాయి, వానవల్ల ఆలస్యమైపోయింది. వెళ్తూ వెళ్తూ కౌంటరు దగ్గర ఆగి అన్నాడు.

"ఎర్రయ్యగారిది ముందు ఇచ్చెయ్ దీదీ. మరిచిపోకు."

అలాగేనంది. ముసలాయన వెనక గదిలోకి కూడా వెళ్ళి లలిత్‌ని పీడించుకు తిన్నాడని అనుకుంది.

కంప్యూటర్లో ఎర్రయ్య పేరు తీసి ప్రింటు నొక్కింది. పక్కనున్న ప్రింటరు ఆకుపచ్చ దీపం వెలిగించుకుని ఊరికే కూర్చుంది. కంప్యూటరేమో పంపించేశానంది. మళ్ళీ నొక్కింది. కాగితం రాలేదు. గోడమీది అట్టముక్క కంటికెదురుగానే ఉంది.

అప్పుడు బెంచీ మీద ఎర్రయ్య తన కథ మొదలుపెట్టాడు.

ఆ కథ నీలవేణి కనీసం వందసార్లు విని ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తండ్రికి కారేజీ పట్టుకుని వర్క్‌షాపు గేటుకి వెళ్ళేది. ఒకరోజు సైరను కూసేసరికి ఉలిక్కిపడి కారేజీ జారవిడిచింది. అన్నం, చేపలపులుసు రోడ్డుపాలయ్యాయి. ఆమె గేటు ముందు కూర్చుని, గేటు కాపలా ఉన్న సిపాయి కూడా వచ్చి ఓదార్చేలా ఏడ్చింది. ఎర్రయ్య ఆ ఏడుపుని గొంతుతో సహా చేసి చూపిస్తాడు. బెంచీలవాళ్ళు నవ్వుతారు. నవ్వి, కౌంటరు వెనకున్న నెరిసిన తలకేసి చూస్తారు.

ఆ వేళ ఆయన పక్కన కూర్చున్నది కాలేజీ లెక్చరరు, ఒక బెంగాలీ ఆవిడ. ఆవిడకోసం కథని సగం హిందీలో, సగం బెంగాలీలో చెప్పాడు. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. నీలవేణికి చెవులు వేడెక్కాయి. మూడోసారి ప్రింటు నొక్కింది. నొక్కుతున్నప్పుడే కాగితం రాదని ఆమెకి తెలుసు. అట్టముక్క చూసింది. పన్నెండూ ముప్పావు కావస్తోంది. ఆ రెండు నిమిషాల పని చేస్తే కాగితం వస్తుంది. కాగితం వస్తే ఆయన దాన్ని చేత్తో పట్టుకుని, ఇందులో ఏటి రాసినారమ్మా అని మళ్ళీ మొదలుపెడతాడు. ఒంటిగంటకి తలుపు మూయడం కుదరదు.

"సిన్నాన్నా, మిషన్ పనిచేయడం లేదు. రేపు రా," అంది.

ఎర్రయ్య కథ ఆపేశాడు. "సాయంత్రం రానా అమ్మా? నాకేటి పని?"

"సాయంత్రం డాక్టరుగారి జనం ఉంటారు. కూర్చోడానికి చోటుండదు. రేపు పొద్దున్నే రా."

"ఠీక్ హై," అన్నాడు ఆయన. బెంచీ అంచు పట్టుకుని లేవబోయాడు. మొదటిసారి లేవలేకపోయాడు. లెక్చరరు చెయ్యి అందిస్తే లేచాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో పాదం దూర్చుకోడానికి చాలాసేపు పట్టింది. నీలవేణి ఆ వంగిన వీపుని చూసింది, చూపు తిప్పుకుంది.

ఆయన మెట్లు దిగి వెళ్ళాక లెక్చరరు లేచి కౌంటరు దగ్గరికి వచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి రమ్మని ఆవిడకి చెప్పింది నీలవేణి. ఆవిడ వెనకున్న ఇంకొకాయనకీ అదే చెప్పింది. నోటినుంచి ఆ మాట వచ్చినప్పుడు ఏదో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది గాని, ఆకలేస్తోంది.

తలుపు మూసి పెరుగన్నం తింది. గిన్నె కడుక్కుని, కాసేపు చేతులమీద తల వాల్చింది. నిద్ర పట్టలేదు. ఆయన ఉండే పూరీ గేట్ దగ్గరేమీ కాదు. ఆ కాళ్ళతో రేపు మళ్ళీ రావాలి కదా అనిపించింది. పోనీ రిపోర్టు తనే లలిత్ చేత పంపిస్తే సరిపోతుందనుకుంది. అనుకోగానే మనసు తేలికపడింది. మనసు అలా ఎంత సులువుగా తేలికపడిందో తరవాత ఆమె చాలాసార్లు తలుచుకుంది.

నాలుగింటికి తలుపు తీసింది. అట్టముక్క ప్రకారం ప్రింటరు బొత్తాం నొక్కింది. చీటీ వచ్చింది. పొద్దున్న చివర నాలుగు ఉన్న అంకె ఇప్పుడు ఏడు అయింది. ఆ ఏడుని కంప్యూటర్లో కొట్టి, ప్రింటు నొక్కింది. ప్రింటరు గరగరమని కాగితాన్ని మింగి బయటికి తోసింది. గోడ గడియారం చూసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగు ఇప్పుడు ఎవరిదయిందో ఆమెకి తోచలేదు.

లెక్చరరు రిపోర్టు, ఆ రెండో ఆయన రిపోర్టు తీసి కవర్లలో పెట్టింది. ఎర్రయ్యది కూడా తీసింది. మడిచి, కవరు మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, రేపు ఇవ్వాల్సినవి పెట్టే రేకు ట్రేలో పెట్టింది. అలవాటుగానే చదవలేదు.

అయిదింటికి డాక్టరు వచ్చాడు. బెంచీలమధ్యనుంచి నడిచి మేడమెట్లెక్కాడు. లోపల గొడుగు దులిపిన చప్పుడు వినిపించింది. మామూలుగా ఆయన అయిదు నిమిషాల్లో గంట కొట్టి మొదటి పేషెంటుని పిలుస్తాడు. ఆ వేళ గంట కొట్టలేదు. తనే దిగి వచ్చాడు. చేతిలో మూడు కాగితాలున్నాయి. తన ప్రింటర్లో ఇవి ఎవరు తీశారని బెంగాలీలో అడిగాడు.

నీలవేణి అందుకుంది. మూడూ ఒకటే. మూడింటి మీదా ఎర్రయ్య పేరు. పైన కుడిమూల చిన్న అక్షరాల్లో గంట పడింది. పన్నెండూ నలభై ఒకటి, పన్నెండూ నలభై రెండు, పన్నెండూ నలభై నాలుగు.

కరెంటు వచ్చినప్పుడు మేడమీది ప్రింటరు ముందు మేలుకుంది. ముందు అడిగింది, నాలుగు దానికి వచ్చింది. తను ఇక్కడ నొక్కిన ప్రతిసారీ పైన తాళం వేసిన గదిలో కాగితం బయటికి వచ్చి, ట్రేలో పడుతూనే ఉంది.

"ఈయన ఎక్కడ?" అన్నాడు డాక్టరు.

ఇంటికి వెళ్ళాడని చెప్పింది. డాక్టరు వేలితో ఒక వరస చూపించాడు. పక్కన నల్లగా నక్షత్రం గుర్తు ఉంది. కిడ్నీలు పనిచేయక రక్తంలో పొటాషియం ఇంత పెరిగితే గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చునన్నాడు. మధ్యాహ్నమే ఆస్పత్రికి వెళ్ళాల్సింది. ఇప్పుడైనా వెంటనే తీసుకెళ్ళమని చెప్పమన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండుననిపించింది నీలవేణికి.

రిజిస్టర్లో ఎర్రయ్య పేరుకెదురుగా ఉన్నది కొడుకు అమర్‌నాథ్ నంబరు. మూడుసార్లు చేసింది. మోగింది, ఎత్తలేదు. లలిత్ వెనక గదిలోంచి వచ్చి కాగితం చూసి, ఆమె మొహం చూశాడు. ముందు ఇవ్వమన్నానని అనబోయి ఆగిపోయాడు. కారణం చెప్పి ఉండాల్సింది దీదీ, తొందరలో చెప్పలేదు, అన్నాడు. ఆ తప్పులో సగం తీసుకోడానికి ఆ కుర్రాడు చెయ్యి చాస్తున్నాడని ఆమెకి అర్థమైంది. కౌంటరు చూడమని చెప్పి, కాగితం చేతిసంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఇరవై రెండేళ్ళలో మూసే వేళ కాకుండా ఆమె కౌంటరు వదలడం అదే మొదలు.

రోడ్డంతా తడిసి, విరిగిన కొమ్మలు అక్కడక్కడ పడి ఉన్నాయి. ఆమె ఎక్కిన టోటో, ఆ బాటరీ రిక్షా, వాటిని తప్పించుకుంటూ మెల్లిగా పోతోంది. తొందరగా పోనివ్వమని రెండుసార్లు చెప్పింది. సంచిలోంచి కాగితం తీసి, మొదటినుంచి చివరిదాకా చదివింది. ఇన్నేళ్ళలో పూర్తిగా చదివిన మొదటి రిపోర్టు అది. ఒక్కొక్క అంకె పక్కన ఎంత ఉండాలో కూడా అచ్చువేసే ఉంటుంది. ఎవరు చూసినా తెలుస్తుంది. డాక్టరే కానక్కర్లేదు.

ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది. కరెంటు పోయింది. నిజమే. అంకెలు మారిపోయాయి. అదీ నిజమే. శ్రీనివాస్ ఖాయం చేస్తానని రాలేదు. లలిత్ ఎందుకో చెప్పలేదు. అన్నీ నిజాలే. వరసగా చెప్పుకుపోతే ఎవరూ తప్పు పట్టరు. కాని వాళ్ళందర్నీ సాయంత్రం రమ్మని, ఆయన్ని మాత్రం రేపు రమ్మన్నది కరెంటు కాదు, శ్రీనివాసూ కాదు.

కారేజీ కథలో ఎర్రయ్య ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటుంది. అది ఆమెకి తండ్రి చెప్పాడు. ఆరోజు ఎర్రయ్య తన డబ్బాలో అన్నం సగం తీసి తండ్రికి పెట్టాడు. మిగిలిన సగంలోంచి గేటు దగ్గర ఏడుస్తున్న పిల్లకి ముద్దలు కలిపి తినిపించి, ఇంటికి పంపించాడు. తనకేం మిగుల్చుకున్నాడో తండ్రికి తెలియదు. కథలో ఆ ముక్క లేకపోవడం వల్ల అది ఒట్టి నవ్వులకథ అయింది. టోటోలో కూర్చుని నీలవేణి ఆ ముద్దల రుచి గుర్తుచేసుకోడానికి ప్రయత్నించింది. ఏమీ గుర్తు రాలేదు. సైరను ఒక్కటే గుర్తుంది.

పూరీ గేట్ సందులోకి తిరగగానే ఇంటిముందు చెప్పులు కనిపించాయి. చాలా జతలున్నాయి. నలుగురైదుగురు మగవాళ్ళు గోడవారగా నిలబడి మెల్లిగా మాట్లాడుకుంటున్నారు. అమర్‌నాథ్ వాళ్ళలో ఉన్నాడు, వర్క్‌షాపు నీలిబట్టల్లోనే. నీలవేణిని చూసి తల వంచి లోపలికి చూపించాడు. ఆమె టోటో అతన్ని ఆగమంది. ఎందుకు ఆగమందో ఆమెకే తెలియలేదు.

ఎర్రయ్య భార్య హైమవతి మధ్యాహ్నం ఆయనకి అన్నం పెట్టింది. ఆయన కొంచెమే తిని, ఒంట్లో నీరసంగా ఉందని పడుకున్నాడు. నాలుగున్నరకి టీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదు. అంతే జరిగింది. పక్కింటావిడ ఆ మాటలు వచ్చినవాళ్ళందరికీ ఒకే గొంతుతో చెబుతోంది.

ఆయన్ని గది మధ్యలో చాపమీద పడుకోబెట్టారు. కళ్ళద్దాలు తీసేసరికి మొహం చిన్నదైపోయింది. ఎవరో పాదాలమీద దుప్పటి కప్పారు. ఆ వాపు కనిపించడం లేదు.

తెలిసి ఇంత తొందరగా ఎలా వచ్చావమ్మా అని ఎవరో అడిగారు. నీలవేణి వెళ్ళి హైమవతి పక్కన కూర్చుంది. హైమవతి ఏడవడం లేదు. బక్కపలచటి మనిషి, గోడకి చేరగిలబడి కూర్చుంది. నీలవేణి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఒచ్చినావా అమ్మా. నీ కాడినుంచే ఒచ్చి తిన్నాడు. మిషన్ సెడిపోయిందంటన్నాడు. నీలమ్మ రేపు పొద్దున్నే రమ్మంది, పెందలకడ లేపెయ్యి అన్నాడు."

"అది సెడిపోలేదు సిన్నమ్మా," అంది నీలవేణి. లాబులో ఇన్నేళ్ళు అలవాటైన పలుకు పోయి, క్వార్టర్ల పలుకు వచ్చేసింది.

"మిషన్ది నువ్వేటి సేత్తావమ్మా."

సరిగ్గా అక్కడ ఊరుకోవచ్చు. ఆ ముసలిచేతులు ఆమె చేతిని నిమురుతున్నాయి. అక్కడ ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఎవరూ అడగరు. మూడు కాగితాల సంగతి డాక్టరుకీ లలిత్‌కీ తప్ప తెలియదు, వాళ్ళు చెప్పరు.

"కాగితం మద్దేనమే ఒచ్చినాది. మేడమీద గదిలో పడినాది, నేను సూసుకోలేదు. రెండు నిమిషాల పని, సెయ్యలేదు. ఉన్నోళ్ళందరినీ సాయంత్రం రమ్మన్నాను. సిన్నాన్నని ఒక్కడినే రేపు రమ్మన్నాను."

"ఎందుకమ్మా?"

"ఒచ్చి ఎక్కువసేపు కూకుంటాడని."

హైమవతి చేతులు కదలడం మానేశాయి. తరవాత ఆమె మెల్లిగా ఒక చెయ్యి తీసుకుని కొంగు సర్దుకుంది. రెండోదీ తీసుకుంది. మళ్ళీ ఇటు చాచలేదు.

అమర్‌నాథ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ కాగితంలో ఏటుందని అడిగాడు. నీలవేణి సంచిలోంచి తీసి ఇచ్చింది. చదివితే అతనికి అర్థమవుతుంది. ఎంత ఉండాలో పక్కనే అచ్చువేసి ఉంది. అతను దాన్ని చదివాడు. పైమూల గంట కూడా చూశాడు. ముందుగా తెలిస్తే బతికేవాడా అని అడిగాడు. తెలీదు బాబూ, అంది ఆమె. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. బయట మాటలు ఒక క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. నీలవేణి మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూర్చుంది. సందు చివర టోటో అతను ఒకసారి హారన్ కొట్టి, డబ్బులకోసం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. ఎవరో దీపం తెచ్చి తలదగ్గర పెట్టారు. చాలాసేపటికి హైమవతి మాట్లాడింది. నీలవేణితోనో, తనలో తనో తెలియలేదు.

"అన్నం తిని, సొక్కా తనే ఇస్త్రీ సేసుకున్నాడు. నేను సేత్తానంటే ఇన్లేదు. రేపు ఎల్లాల కదా అన్నాడు."

నీలవేణి తలెత్తింది. ఎదురుగోడకి మేకు ఉంది. మేకుకి తీగ హాంగరు తగిలించి ఉంది. దానిమీద లేతనీలం పొట్టిచేతుల చొక్కా, జేబులో నాలుగు మడతల రుమాలు, జారిపోకుండా పెట్టిన పైగుండీ ఒక్కటి.